చెమ్మగోడకు సిమెంటు మందు కాదు: జార్జియన్ జంట ఇళ్ల గురించి అపోహలు - వాస్తవాలు

లండన్‌లో జార్జియన్ ఇళ్ల, అంటే జార్జి రాజుల కాలం (1714-1830) నాటి పాత ఇళ్ల మరమ్మతులు చూసే నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "గోడ చెమ్మగిల్లుతోంది, సిమెంటు పూయించమంటారా?"

సిమెంటు గట్టిది కాబట్టి గోడను కాపాడుతుందన్నది అపోహ. నిజానికి అదే గోడను తినేస్తుంది. బ్రూక్ స్ట్రీట్‌లో ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్న 23, 25 నంబర్ల ఇళ్లనే తీసుకోండి. 1723లో 25వ నంబరులో చేరిన సంగీతకారుడు హాండెల్ 1759లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. 1968-69లో రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 23వ నంబరు పై అంతస్తులో కాపురమున్నాడు. జార్జియన్ కాలపు ఈ గోడలు ఇటుక, సున్నాలతో కట్టినవి. వాటిలోకి ఇంకిన వాన నీరు మెత్తటి సున్నపు దర్జుల (ఇటుకల మధ్య అతుకుల) గుండా ఆవిరైపోతుంది. మన ఊళ్లలోని డంగు సున్నపు గోడలదీ ఇదే గుణం. దర్జుల్లో సిమెంటు నింపితే ఆ దారి మూసుకుపోయి నీరు ఇటుకలో నిలుస్తుంది, చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక ముఖం పెచ్చులుగా రాలిపోతుంది.

ఇలాంటి జంట ఇళ్లలో ఒకదాన్ని కొన్న తెలుగు దంపతులు వాట్సాప్‌లో ఎవరో చెప్పారని ముందు గోడ దర్జులన్నీ సిమెంటుతో నింపించారు. రెండు చలికాలాల తరువాత నేను వెళ్లేసరికి ఇటుకలు లోపలికి అరిగి, సిమెంటు గీతలు మాత్రం తేనెపట్టు గోడల్లా బయటికి నిలిచి ఉన్నాయి. బొటనవేలితో రాస్తే ఎర్రటి పొడి రాలింది. "ఇల్లు కూలిపోతుందా అండీ?" అని ఆవిడ అడిగినప్పుడు గొంతు వణికింది. కూలదమ్మా అని చెప్పి పైకెక్కి చూస్తే, అసలు దోషం పిట్టగోడ వెనక కాలువలో ఉంది. అది ఆకులతో పూడిపోవడంతో నీరు పొంగి పక్కింటితో ఉన్న ఉమ్మడి గోడలోకీ దిగింది. కాలువ శుభ్రం చేయించడానికి ఒక పూట పట్టింది. ఇటుక అంచులు విరగకుండా సిమెంటును ఉలితో తొలగించి సున్నం నింపడానికి వేసవంతా పట్టింది.

ఈ ఇళ్లలో ఇటుకలతో మూసిన కిటికీలన్నీ, కిటికీల సంఖ్యను బట్టి వేసిన కిటికీ పన్ను వల్లేనన్నది మరో పుకారు. 1696 నుంచి 1851 దాకా ఆ పన్ను ఉన్నమాట నిజమే కానీ, ముఖభాగం సమంగా కనిపించాలని మొదటినుంచీ ఉత్త గూళ్లుగా కట్టినవీ బోలెడు.

లిస్టెడ్ ఇల్లంటే, అంటే రక్షిత కట్టడాల ప్రభుత్వ జాబితాలో ఉన్న ఇల్లంటే, వీధివైపు గోడ ఒక్కటే అనుకోకండి. లోపలి మెట్లు, తలుపులు, గచ్చు అన్నీ అందులోకే వస్తాయి, వాటి స్వరూపం మారేలా అనుమతి లేకుండా పనులు చేయించడం నేరం. సున్నం పని మొదలుపెట్టే ముందు కూడా స్థానిక కౌన్సిల్‌లో పాత కట్టడాల సంరక్షణాధికారిని అడగండి.