జీతాల ఫైల్లో పోయిన సున్నా: గొడవ అసలు ఎక్కడ మొదలైంది

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీది ఒక కంపెనీలో మూడు నెలల కిందట చల్లారిందనుకున్న గొడవ ఈ వారం మళ్లీ రాజుకుంది. జీతాల వెబ్ పేజీలో సీఎస్‌వీ ఫైలు ఎక్కించారు. అంటే గడులను కామాలతో విడదీసి రాసిన మామూలు అక్షరాల ఫైలు. కొందరి బ్యాంకు ఖాతా నంబర్ల ముందున్న సున్నా ఎగిరిపోయింది. వాళ్ల జీతాలు వెనక్కొచ్చాయి. అయిదో తారీఖున అద్దె కట్టాల్సినవాళ్లు పొద్దున్నే వచ్చి ఎకౌంట్స్ గది ముందు నిలబడ్డారు.

నేను అక్కడే వేరే టీంలో పనిచేస్తాను. రెండు వైపులా తెలుగువాళ్లే. అందుకే మీటింగు రూములో ఇంగ్లిషులో మొదలైన వాదన కాఫీ మిషను దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి దిగింది. "నా ఫైల్లో సున్నా ఉందన్నా, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడు, కనపడతాంది కదా" అని ఎకౌంట్స్‌లో పనిచేసే కడప అక్క. "ఎక్సెల్లో ఒకసారి తెరిచి సేవ్ చేసుంటారు మేడం, అక్కడే పోయుంటుంది" అని పేజీ రాసిన గుంటూరు కుర్రాడు.

సీఎస్‌వీ పుట్టుక కథ జోలికి పోను. 2005 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం గురించి మాత్రం ఒక మాట చెప్పుకోవాలి. అప్పటికే వాడుకలో ఉన్న పద్ధతిని రాసిపెట్టిన సమాచార పత్రమే తప్ప అది ప్రమాణం కాదు. కామా ఎక్కడ, కోట్స్ ఎక్కడ, వరస ఎలా ముగియాలి అన్నది చెప్పింది. ఒక గడిలో ఉన్నది అంకెనా, మాటా, తేదీనా అన్న సంగతి అసలు ఎత్తలేదు. అందులోని వ్యాకరణం ఆస్కీకే, అంటే ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, గుర్తులకే సరిపోతుంది. ఆ వ్యాకరణం ప్రకారం గడిలో తెలుగు పేరున్న ఫైలు సీఎస్‌వీయే కాదు. అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8ని మామూలు ఎన్‌కోడింగుగా ఒప్పుకోవడానికి 2014 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 7111 రావాల్సి వచ్చింది.

అసలు మలుపు 2010 జనవరి 21. ఆ రోజు విడుదలైన ఫైర్‌ఫాక్స్ 3.6తో, మన కంప్యూటర్లోంచి మనం ఎంచుకున్న ఫైలును పేజీలోని జావాస్క్రిప్టే (బ్రౌజరు నడిపే కోడు) తెరిచి చదివే వీలు దొరికింది. దాని పేరు ఫైల్‌రీడర్. మిగతా బ్రౌజర్లూ ఒకటొకటిగా ఆ దారి పట్టాయి. అంతకుముందు మామూలుగా పేజీ చేసే పని ఫైలును ఉన్నదున్నట్టు సర్వరుకు పంపడమే. ముక్కలు చేయడం, తప్పులు పట్టడం అన్నీ అక్కడే జరిగేవి. ఆ పద్ధతి నెమ్మది. పెద్ద ఫైలైతే ఎక్కేదాకా తెర వంక చూస్తూ కూర్చోవాలి. కానీ ఎక్కించిన ఫైలు ఒక్క బైటు కూడా మారకుండా సర్వరుకు చేరేది. తేడా వస్తే దాన్నే తీసి చూసుకునే వీలుండేది.

ఫైల్‌రీడర్ వచ్చాక మా జీతాల పేజీ లాంటివాటిలో ఫైలు బ్రౌజర్లోనే ముక్కలవుతోంది. వరసలు విడిపోయి, కొన్ని గడులు అంకెలుగా మారి, అదంతా జేసన్ అనే రూపంలో సర్వరుకు వెళ్తోంది. జేసన్‌లో మాటల చుట్టూ కోట్స్ ఉంటాయి, అంకెల చుట్టూ ఉండవు. అసలు ఫైలు సర్వరు గడప తొక్కదు. ట్యాబ్ మూస్తే పేజీ దగ్గర దాని జాడే ఉండదు. నా ఫైల్లో ఉందని అక్క, మాకు రాలేదని కుర్రాడు అంటున్నది ఇద్దరి వైపూ నిజమే. తేల్చడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. ఇప్పుడు మళ్లీ రాజుకున్న ఈ వాదన నా దృష్టిలో ఇక్కడ పుట్టింది.

జేసన్ అదృష్టం వేరు. 2009 డిసెంబరులో వచ్చిన జావాస్క్రిప్ట్ ప్రమాణపు ఐదో ఎడిషన్ దాన్ని భాషలోనే కలుపుకుంది. కోట్స్ లేకుండా 007 అని రాసి జేసన్‌గా చదవమంటే బ్రౌజరు తప్పని చెప్పి ఆగిపోతుంది, సున్నా తీసేసి ముందుకు పోదు. సీఎస్‌వీకి అలాంటి చోటు దొరకలేదు. దాన్ని చదివే పని ఎవరి పేజీకి వాళ్లదే అయింది. కామా దగ్గర తెగ్గొడితే చాలనుకుని రాసిన కోడు, కోట్స్‌లో ఉన్నా సరే 1,25,000 అన్న జీతాన్ని మూడు గడులు చేసింది. ఆ బాధ తీర్చడానికే పాపా పార్స్, డీ3 లాంటి లైబ్రరీలు, అంటే ఎవరైనా తెచ్చి వాడుకునే కోడు, వచ్చాయి. కోట్స్, కామాల పని అవి బాగా చేస్తాయి. ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కుర్రాడి వాదనలోనూ బలం ఉంది. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఎక్సెల్ మామూలుగా నంబరు ముందున్న సున్నాలు తీసేస్తుంది. జన్యువుల పేర్లను అది తేదీలుగా మార్చేస్తోందని 2020లో శాస్త్రవేత్తల కమిటీ కొన్ని పేర్లనే మార్చుకుంది. మార్చ్1 అన్న జన్యువు మార్చ్ఎఫ్1 అయింది. ఈ మార్పిడిని ఆపుకునే సెట్టింగును మైక్రోసాఫ్ట్ 2023లో ఇచ్చింది.

కానీ అక్క ఫైలును ఎక్సెల్లో తెరవలేదు. గత ఏడాది ఒకసారి దెబ్బ తిన్నది. అప్పట్నుంచి హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ నుంచి దిగిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో మాత్రమే చూస్తుంది. నిన్న సాయంత్రం ఆమె పక్కన కూర్చుని టెస్టు పేజీలో రెండు వరసల ఫైలు ఎక్కించాం. ఖాతా నంబరు గడిలో 004512 అని పెట్టాం. బ్రౌజర్లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, సర్వరుకు వెళ్తున్నదేమిటో చూశాం. పేరు చుట్టూ కోట్స్ ఉన్నాయి, ఊరి చుట్టూ ఉన్నాయి. ఖాతా నంబరు దగ్గర వట్టి 4512, కోట్స్ లేవు. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోను తీసి ఆ తెరను ఫొటో తీసుకుంది.

కోడు చూస్తే కారణం దొరికింది. పాపా పార్స్‌లో డైనమిక్‌టైపింగ్ అనే స్విచ్ ఉంది, అంకెలా కనిపించిన గడిని అంకెగా మార్చేస్తుంది. అది మొదట ఆపే ఉంటుంది, ఎవరో ఒకరు వేస్తేనే పనిచేస్తుంది. ఇక్కడ వేసింది జీతాల మొత్తం కోసం. గడిలోది మాటగా ఉంటే 25000కు 30000 కలిపినప్పుడు జావాస్క్రిప్ట్ 2500030000 అని పక్కపక్కన అతికిస్తుంది. స్విచ్ వేయగానే మొత్తం సరిగ్గా వచ్చింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. దాన్ని జీతం కాలమ్‌కు మాత్రమే పెట్టుకునే వీలున్నా ఫైలంతటికీ పెట్టారు. డీ3లోనూ అడిగితేనే గడిలోది అంకెనా, తేదీనా అన్న ఊహ మొదలవుతుంది. ఎక్సెల్ ఫైళ్లూ సీఎస్‌వీలూ రెండూ చదివే షీట్‌జేఎస్ మాత్రం వద్దని చెప్పకపోతే అంకెల్నీ తేదీల్నీ తానే ఊహిస్తుంది. మన ఊళ్ల డోరు నంబర్లు 5-9-22 లాగా ఉంటాయి కాబట్టి ఇలా ఊహించే ప్రోగ్రాముకు అవి తేదీల్లా కనిపించే ప్రమాదం ఉంది.

సున్నా పోయిన చోట ఎవరు తీశారో గుర్తు పట్టలేం. పొడుగు నంబర్ల దగ్గర మాత్రం ఆనవాలు మిగులుతుంది. 9007199254740993 అన్న 16 అంకెల నంబరు తీసుకోండి. ఎక్సెల్ 15 అంకెలే నిలబెట్టుకుంటుంది కాబట్టి చివర సున్నా పడి ...990 అవుతుంది, లేదంటే గడిలో 9.0072ఈ+15 అని కనిపించి అలాగే సేవ్ అవుతుంది. జావాస్క్రిప్ట్‌లో చేత్తో అంకెగా మారిస్తే ...992 అవుతుంది. పాపా పార్స్ అంత పెద్దవాటిని మార్చకుండా వదిలేస్తుంది. మొదటి గొడవప్పుడు వెనక్కొచ్చిన జీతాల జాబితాలో చివరి అంకెలు ఎవరైనా చూసి ఉంటే కొంతైనా తేలేది.

ఇంకో దారి లేకపోలేదు. ఏ కాలమ్‌లో ఏముందో పక్కన ఇంకో చిన్న ఫైల్లో రాసి పంపే పద్ధతిని వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ 2015 డిసెంబరు 17న సిఫారసుగా ప్రకటించింది. బ్రౌజర్లు దాన్ని తమలో కలుపుకోలేదు. అది ఉండి ఉంటే ఖాతా నంబరు మాట అని ఫైలే చెప్పేది.

ఇప్పుడు నడుస్తున్న వాదన స్విచ్ గురించి కాదు. దాన్ని నిన్న రాత్రే తీసేశారు. ఎక్కించిన ఫైలును ఉన్నదున్నట్టు సర్వరులో దాచాలా వద్దా అన్నదే ప్రశ్న. బ్యాంకు వివరాలున్న ఫైళ్లు దాస్తే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద బాధ్యత పెరుగుతుందని డెవలపర్ల వైపు వాదన. ఖాతా నంబర్లు ఎలాగూ డేటాబేసులో ఉన్నాయి, ఉన్నవాటికి అసలు రూపం కూడా ఉంచమంటున్నానని అక్క అంటుంది. ప్రతి వరసా ఫైల్లో ఎలా ఉందో ఆ అక్షరాలను అలాగే ఒక గడిలో పెట్టి, జీతాలు పడి లెక్క సరిపోయాక చెరిపేస్తే సరిపోతుందని నేను చెప్పాను. నిర్ణయం సోమవారానికి వాయిదా పడింది.

ఈ నెల ఫైలు 28న ఎక్కించాలి. అక్క దాన్ని దించుకోగానే తెరవకుండా జిప్ చేసి, ఎక్కించే ముందే తన ఆఫీసు మెయిలుకు తనే పంపుకుంటానంది.