చంటిబిడ్డ తలకింద దిండు: గొడవ ఎక్కడ మొదలైంది, ఎవరి మీద పడింది

బేబీ కిట్ల మాట మళ్లీ మొదలైంది. దాంతోపాటు పాత పంచాయితీ కూడా. 2014-19 మధ్య ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాసుపత్రుల్లో పురుడు పోసుకున్న తల్లులకు ఎన్టీఆర్ బేబీ కిట్ ఇచ్చేవారు. ప్రభుత్వం మారాక అది ఆగింది. 2025లో మళ్లీ ఇవ్వాలని నిర్ణయించారు. అందులో అందరి చూపూ పడేది దోమతెర ఉన్న బుల్లి పరుపు మీదే. అలాంటివే విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల, శ్రీకాకుళం జీటీ రోడ్డులో కూడా దొరుకుతాయి. బజారు పరుపుల్లో చాలావాటికి ఒక మెత్తటి దిండు, అటూ ఇటూ రెండు చిన్న బాలీసులు కూడా జతగా వస్తాయి.

ఇక ఫోన్లలో యుద్ధం. పిల్లల డాక్టర్ల వీడియోలు దిండు వద్దు, చీర ఉయ్యాల వద్దు, తల్లి పక్కలో పడుకోబెట్టొద్దు అంటాయి. వాటి కింద కోడళ్లు అత్తగార్లను ట్యాగ్ చేస్తారు. అత్తగార్ల జవాబు ఒక్కటే: "మీరంతా అలా పెరగలేదేటి?" ఆ మాటలో మొండితనం ఉంది, నిజమూ ఉంది. ఏది ఎంత అన్నది తేలాలంటే ఈ నియమాలు ఎక్కడ, ఎందుకు పుట్టాయో చూడాలి. పురుడు, పురిటిస్నానం, బారసాల సంగతులు ఈ పక్క అందరికీ తెలిసినవే. వాటిని వదిలేసి నేరుగా 1991కి వెళ్దాం.

ఆ ఏడాది డిసెంబరులో బ్రిటన్ ప్రభుత్వం ఒక ప్రచారం మొదలుపెట్టింది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి అన్నది దాని సారాంశం. ఇంత చిన్న మాటకు ప్రచారం దేనికని మన అమ్మమ్మలకు అనిపించొచ్చు. అక్కడ మాత్రం అప్పటికి చాలా ఇళ్లలో చంటిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టేవారు. అది వాళ్ల నానమ్మలు చెప్పిన పద్ధతి కాదు, డాక్టర్లు నేర్పింది. బిడ్డ వెల్లకిలా ఉండి పాలు కక్కితే గొంతుకు అడ్డం పడుతుందని భయపెట్టారు. అమెరికాలో ఇంటింటా ఉండే డాక్టర్ బెంజమిన్ స్పాక్ పుస్తకం కూడా 1958 కూర్పులో బోర్లా అలవాటునే సమర్థించింది. నిజానికి బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోవాలంటే పైకెక్కాలి. బోర్లా పడుకున్నప్పుడే ఆ దారి సులువు. ఈ సంగతి తెలియక తలుపు పక్కన పొంచి ఉన్న ప్రమాదానికే తలుపు తీశారు.

ఆ దశాబ్దాల్లో, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు రాత్రి పడుకుని తెల్లారేసరికి లేవకపోవడం పెరిగింది. దీనికి సిడ్స్ (నిద్రలో అకస్మాత్తుగా జరిగే శిశుమరణం) అనే పేరు 1969లో సియాటిల్‌లో జరిగిన సమావేశంలో స్థిరపడింది. రెండో నెల నుంచి నాలుగో నెల వరకు ముప్పు ఎక్కువ. చాలాభాగం మరణాలు ఆరు నెలల లోపే. కారణం కోసం ఎక్కడెక్కడో వెతికారు. 1985లో హాంకాంగ్ నుంచి ఒక డాక్టరు లాన్సెట్ పత్రికలో రాసిన పరిశీలన ఆలోచనలో పడేసింది: ఇరుకు ఇళ్లు, జనం కిటకిట, అయినా ఈ మరణాలు చాలా అరుదు. అక్కడి తల్లులు పిల్లల్ని వెల్లకిలా పడుకోబెడతారు. 1987లో నెదర్లాండ్స్ బోర్లా వద్దని చెప్పేసింది. న్యూజిలాండ్ అధ్యయనం, 1990లో ఇంగ్లండ్‌లోని ఏవన్ ప్రాంతంలో పీటర్ ఫ్లెమింగ్ బృందం చేసిన అధ్యయనం అదే తేల్చాయి. 1991 జులైలో టీవీ వ్యాఖ్యాత ఆన్ డైమండ్ నాలుగు నెలల కొడుకు ఇలాగే పోయాడు. ఆమె పట్టుబట్టడంతో ప్రచారం బయటికొచ్చింది. కొద్ది ఏళ్లలోనే అక్కడ ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 1992లో సలహా మార్చింది, 1994లో ప్రచారం చేపట్టింది.

అందరికీ గుండె కోసే లెక్క 2005లో వచ్చింది. 1970 నాటికే అచ్చయిన అధ్యయనాలను ఎవరైనా ఒకచోట పెట్టి చూసి ఉంటే బ్రిటన్‌లో 10,000కు పైగా, యూరప్, అమెరికా, ఆస్ట్రలేసియాల్లో కలిపి కనీసం 50,000 శిశుమరణాలు తప్పేవని ఆ లెక్క వేసిన పరిశోధకులు రాశారు.

ఈ రోజు మన ఫోన్లలో తిరిగే ప్రతి నియమానికీ తల్లివేరు ఇదే. వైద్యం తాను చేసిన తప్పును తాను దిద్దుకుంటూ రాసుకున్న జాబితా అది. ఒక్కసారిగా రాసింది కూడా కాదు. అమెరికా సంఘం వాళ్లు 1992లో పక్కకు తిప్పి పడుకోబెట్టినా పర్లేదన్నారు, 2005లో అదీ వద్దన్నారు. 2022లో పరుపు చదునుగా ఉండాలి, వాలుగా ఉండే కుర్చీలు, ఊగే సీట్లు నిద్రకు పనికిరావు అని గట్టిగా చెప్పారు.

ఇప్పుడు మన వైపు చూడండి. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. బోర్లా పడటం పిల్లాడు సొంతంగా సాధించే పని కాబట్టే బొబ్బట్లు పంచారు. అంటే అప్పటిదాకా వాణ్ని వెల్లకిలా పడుకోబెట్టారన్నమాట. ఇరవయ్యో శతాబ్దపు డాక్టర్లు చేసిన ఆ తప్పు మన ఇళ్లలో పెద్దగా వేళ్లూనుకోలేదు. పక్క సంగతీ అంతే. నులకమంచం మీదో నేల మీదో పాత నూలు చీరలు నాలుగు పొరలు వేసి కుట్టిన బొంత. ఉతికి ఉతికి పల్చబడిన గుడ్డ, తల పెడితే కుంగదు. తల్లి చేతికందేంత దూరంలోనే ఉంటుంది. చదునైన గట్టి పక్క, వెల్లకిలా బిడ్డ, తల్లితో ఒకే గది, తల్లిపాలు: అమెరికా సంఘం 2022 సలహాల్లో పెద్దవి ఇవే. "మేం అలాగే పెంచాం" అనే ముసలమ్మ మాటలో నిజం ఉందన్నది అందుకే.

ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫోర్డ్‌లో పాకిస్తానీ మూలాలున్న కుటుంబాలనూ తెల్లవారి కుటుంబాలనూ పోల్చి చూశారు. దక్షిణాసియా కుటుంబాల్లో తల్లి పక్కలో పడుకోబెట్టడం ఎక్కువ, తల్లిపాలు ఎక్కువ, సిగరెట్టూ మద్యమూ తక్కువ, సోఫా మీద బిడ్డతో నిద్రపోవడమూ తక్కువ. అకస్మాత్తు మరణాలూ తక్కువే. కొన్ని విషయాల్లో మాత్రం వాళ్లు వెనకబడ్డారు: పక్కకు తిప్పి పడుకోబెట్టడం, దిండు వాడకం ఎక్కువ. దేశం దాటినా దిండు వదల్లేదు.

మనకూ అక్కడే చిక్కు. పురుళ్లు ఇంటి నుంచి ఆసుపత్రికి మారాయి. 2005లో జననీ సురక్ష యోజన, 2011 జూన్ 1న జననీ శిశు సురక్ష కార్యక్రమం వచ్చాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి పురుళ్లు 96 శాతం దాటాయి. విజయనగరం ఘోషాసుపత్రిలో, శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి వచ్చేసరికి, బొంత బదులు బారసాలకు ఎవరో తెచ్చిన ఫోమ్ పరుపు ఎదురవుతోంది. రంగురంగుల గుడ్డ, చుట్టూ మెత్తటి అంచు, దిండు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. బొంతలో పడుకోబెడితే పేదరికం, ఫోమ్‌లో పడుకోబెడితే ప్రేమ అని ఎవరు నేర్పారో తెలీదు. 2017లో తెలంగాణ ఇచ్చిన కేసీఆర్ కిట్‌లోనూ దోమతెర పరుపే ఉండేసరికి, అది సర్కారు ముద్ర పడిన వస్తువు అయిపోయింది.

దోమతెరను తప్పుపట్టాల్సిన పనేమీ లేదు. సీతంపేట, కురుపాం, సాలూరు వైపు మలేరియా ఎంతటి బాధో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. తెర బిగుతుగా, బిడ్డ ముఖానికి దూరంగా ఉంటే చాలు. దోషమంతా దాని కింద ఉన్న మెత్తదనానిది. మూడు కిలోల బిడ్డ మెడ నిలపలేదు. మొహం మెత్తటి దిండు వైపు తిరిగితే వదిలిన గాలే మళ్లీ పీలుస్తుంది.

తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. వెల్లకిలా పడుకునే పిల్లలకు తల వెనక కొంచెం చదును కావడం నిజమే. 1992 తర్వాత అమెరికాలోనూ అది ఎక్కువైంది. మెలకువగా ఉన్నప్పుడు, మనిషి చూస్తుండగా కాసేపు బోర్లా పడుకోబెడితే చాలామందికి తల సర్దుకుంటుంది. తల ఆకారం కోసం అమ్మే దిండ్లు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 నవంబరులో హెచ్చరించింది.

అలాగని అమ్మమ్మల మాటను పూర్తిగా నెత్తిన పెట్టుకోలేం. శ్రీకాకుళం తీరంలో, పల్లెల్లో పెద్దవాళ్లైన ఆడవాళ్లకు అడ్డపొగ చుట్ట అలవాటు పాతదే. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట. బోర్లా నిద్ర తర్వాత ఈ మరణాలకు అతి పెద్ద ముప్పు పొగాకు పొగే. చుట్ట కాల్చే నానమ్మ పక్కన, బీడీ కాల్చే తండ్రి పక్కన బిడ్డ పడుకోకూడదు. తాగి వచ్చిన మనిషి పక్కన అసలే కాదు. తలుపులు మూసిన పురిటి గదిలో బొగ్గుల కుంపటి పెడితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు. "మా దగ్గర అలా ఎవరూ పోలేదమ్మా" అనే మాటకూ లెక్క పునాది లేదు. నిద్రలో పోయిన పసిబిడ్డకు మన పల్లెల్లో పోస్టుమార్టం జరగడం అరుదు. దిష్టి అనో, పాలు పొలమారాయనో అనుకుని ఊరుకుంటారు.

ఇక చీర ఉయ్యాల. మెలకువగా ఉన్న బిడ్డను ఎదురుగా కూర్చుని ఊపుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. రాత్రంతా అందులోనే అంటే ఇబ్బంది. గుడ్డ కుంగి వంపు తిరిగితే గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, గాలి దారి సన్నబడుతుంది. నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డలకు మరీ. నిద్ర పట్టాక తీసి చదును పక్క మీద వేస్తే సరి. లేచి ఏడుస్తాడనే భయం తల్లులది. ఆ భయాన్ని వీడియోలో కొట్టిపారేయడం తేలిక. పొద్దున్నే చేలోకి వెళ్లాల్సిన ఆవిడకు తేలిక కాదు.

వెచ్చదనం గొడవ మిగిలింది. మన ఆరోగ్య సిబ్బంది బిడ్డను వెచ్చగా ఉంచమని మరీమరీ చెప్పడానికి కారణం ఉంది: మన దగ్గర పురిటి బిడ్డల ప్రాణం తీసేవాటిలో చలి ఒకటి. ఆ మాటే రెండు టోపీలు, మూడు దుప్పట్లుగా మారి మే నెలలో కూడా కొనసాగడం దాని రెండో వైపు. మెడ వెనక చెయ్యి పెడితే చెమట తగిలిందంటే ఒక పొర తీసేయాలి. ఇంట్లో నిద్రపోయేటప్పుడు తలకు టోపీ అక్కర్లేదు, ముఖం మీదికి జారే దుప్పటి అసలొద్దు.

డాక్టర్ల జాబితాలో తప్పు లేదు. మన ఇంటికి వచ్చి అది పట్టుకున్నది తప్పు మనిషిని. తల్లి పక్కనీ, బొంతనీ నిలదీసినంత గట్టిగా కిట్లలోని ఫోమునీ, షాపు దిండునీ, మగవాళ్ల బీడీనీ ఎవరూ నిలదీయలేదు. కొత్త కిట్‌లో గట్టి చదును పరుపు పెట్టి, దిండూ బాలీసులూ లేకుండా చూస్తే చాలు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఎలాగూ వెళ్తుంది. బరువు చూసి, బొడ్డు చూసి వస్తుంది. అదే పూట పక్క కూడా చూడమంటే కొత్త పథకం అక్కర్లేదు, కొత్త ఉద్యోగమూ అక్కర్లేదు. మూడో రోజే వెళ్లి చూస్తే, బారసాలకు వచ్చే దిండ్లను ఏం చేయాలో ముందే ముసలమ్మతో మాట్లాడి పెట్టొచ్చు. ఇంట్లో పక్క వేసేది ఆవిడే మరి.