ఎమ్మారైలో రక్తం ఎందుకు మెరుస్తుంది?

మెదడు ఎమ్మారై ఆంజియో ఫిల్మ్ చూస్తే చుట్టూ అంతా మసగ్గా ఉండి, రక్తనాళాలు మాత్రం తెల్లగా మెరుస్తుంటాయి. చాలాసార్లు దీనికి ఏ మందూ ఎక్కించరు. రక్తం పారుతోంది కాబట్టే మెరుస్తోంది. నాకైతే ఎమ్మారైలో అన్నిటికంటే అందమైన విషయం ఇదే.

స్కానర్ మన ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ ప్రోటాన్లకు రేడియో పల్స్ పంపి, అవి తిరిగిచ్చే సిగ్నల్‌ని పట్టుకుంటుంది. ఒకసారి పల్స్ తగిలిన ప్రోటాన్లు పూర్తిగా కోలుకోవడానికి, అంటే మళ్లీ మొదటి స్థితికి రావడానికి, కొన్ని సెకన్లు పడుతుంది, బొమ్మ త్వరగా రావాలంటే అంతసేపు ఆగలేం. 1980ల మధ్యలో జర్మనీలోని గాటింగెన్‌లో ఆక్సెల్ హాసె, యెన్స్ ఫ్రామ్ బృందం తెచ్చిన ఫ్లాష్ పద్ధతిలో ప్రోటాన్లను కొద్దిగానే వంచి, కోలుకునే దాకా ఆగకుండా పల్సు మీద పల్సు పంపుతారు. దాంతో కదలకుండా ఉన్న కణజాలం అలిసిపోయి మసకబారుతుంది, రక్తం మాత్రం ఇంకా ఒక్క పల్సూ తగలని ప్రోటాన్లతో, బొమ్మ తీస్తున్న పొర (స్లైస్) బయటి నుంచి తాజాగా వచ్చి చేరుతుంది, అందుకే మెరుస్తుంది.

చిన్న లెక్క చూద్దాం. స్లైస్ మందం 5 మిల్లీమీటర్లు, పల్సుల మధ్య 30 మిల్లీసెకన్లు అనుకుంటే, అందులోని రక్తం మొత్తం మారిపోవడానికి సెకనుకు సుమారు 17 సెంటీమీటర్ల వేగం చాలు. గుండె కొట్టుకున్నప్పుడు మెడలోని కరోటిడ్ ధమనిలో రక్తం అంతకంటే చాలా వేగంగా పోతుంది.

పాత స్పిన్ ఎకో పద్ధతిలో ఇదే రక్తం నల్లగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ సిగ్నల్ రావాలంటే రెండు పల్సులూ తగలాలి, రెండోది వచ్చేలోపే అది స్లైస్ దాటేస్తుంది.

అసలు చిక్కు రక్తం నెమ్మదిగా పారేచోట, లేదా నాళం వంపు తిరిగి స్లైస్ వెంబడే సాగేచోట వస్తుంది. అక్కడ రక్తానికి కూడా పల్సులు మళ్లీ మళ్లీ తగిలి సిగ్నల్ పడిపోతుంది. సన్నబడిన నాళం దాటాక రక్తం సుడులు తిరిగినా అంతే, ఇరుకు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి మందు ఎక్కించకుండా తీసిన ఆంజియోలో నాళం తెగినట్టు కనిపించగానే బ్లాక్ అని టెన్షన్ పడకండి, అవసరమైతే డాక్టర్లు నాళాలు స్పష్టంగా కనబడేలా చేసే గ్యాడోలినియం మందు ఎక్కించో, సీటీ ఆంజియో తీసో తేల్చుకుంటారు.

దీనికి తిరగబడ్డ మోసం ఇంకోటుంది. కొన్ని రోజుల వయసున్న రక్తపు గడ్డలో ఏర్పడే మెథెమోగ్లోబిన్ వల్ల ప్రోటాన్లు చాలా త్వరగా కోలుకుంటాయి, దాంతో కదలని గడ్డ కూడా పారే రక్తంలా తెల్లగా మెరుస్తుంది. అలాంటప్పుడు ఫేజ్ కాంట్రాస్ట్ అనే పద్ధతి వాడొచ్చు, అది వేగాన్నే కొలుస్తుంది కాబట్టి అందులో గడ్డ కనిపించదు.