నడిసంద్రంలో గాలం: అపోహలు - వాస్తవాలు

తెరచాప పడవలో వారాల తరబడి సముద్రం మీద ఉండి వచ్చానని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే: "అయితే రోజూ తాజా చేపలేనా?" కాదండీ. చాలా రోజులు డబ్బా తిండే.

అపోహ: నడిసంద్రంలో గాలం వేయడమే ఆలస్యం, చేప పడుతుంది.

నీళ్లు ఎంత ముదురు నీలంగా ఉంటే అందులో తిండి అంత తక్కువ. వెచ్చని సముద్రాల్లో పైనున్న వేడి నీరు మూతలా పరుచుకుని, అడుగునున్న పోషకాలను పైకి రానివ్వదు. అవి లేక నాచు పెరగదు, నాచు లేక చిన్న చేపలుండవు. చూడ్డానికి ఎంత అందమైనా అదొక ఎడారి. ఆఫ్రికా పడమటి తీరం దగ్గరున్న కెనరీ దీవుల నుంచి అట్లాంటిక్ దాటి కరీబియన్ దీవులకు దాదాపు 2,700 నాటికల్ మైళ్లు (సుమారు 5,000 కిలోమీటర్లు), మామూలు పడవకు మూడు వారాల దారి. ఆ దారిలో వారానికి ఒకటి రెండు చేపలు పడితే నాకు పండగే. ఎక్కడైనా దుంగ తేలుతూ కనిపిస్తే మాత్రం దాని పక్కగా పోనిస్తాను. దాని నీడన మహి-మహి అనే చేప ఉండే అవకాశం ఎక్కువ. దారి సగం దాటాక సర్గాసం అనే, నీటి మీద గుంపులుగా తేలే నాచు మొదలవుతుంది. ఇక చేపల కంటే కొక్కేనికి చుట్టుకున్న నాచు పీకడమే పని.

అపోహ: ఖరీదైన రాడ్డు, రీలు ఉండాలి.

యాభై మీటర్ల మందపాటి నైలాన్ తాడు, కొక్కెం దగ్గర మూరెడు స్టీలు తీగ (వాహూ అనే చేప పళ్లకు నైలాన్ ఆగదు), ప్లాస్టిక్ స్క్విడ్ ఎర. తాడు రెండో కొస పడవకు కట్టే చోట, కుదుపు తట్టుకోడానికి సాగే రబ్బరు తాడు. అంతే. పడవ 5 నుంచి 7 నాట్ల (గంటకు సుమారు 9 నుంచి 13 కిలోమీటర్ల) వేగంతో పోతుంటే ట్యూనా హాయిగా వెంటపడుతుంది. కష్టమంతా పడ్డాకే. వెనకగాలికి చాపలన్నీ విప్పుకుని పోతున్న పడవకు బ్రేకులుండవు కదా! ముందు చాప తగ్గించాలి, ఆ తర్వాతే చేప. తాడును చేతికి చుట్టుకుని మాత్రం లాగొద్దు, వేళ్లు పోతాయి.

అపోహ: చేప ఎంత పెద్దదైతే అంత మంచిది.

ఇద్దరున్న పడవలో పదిహేను కిలోల చేపను ఏం చేసుకుంటారు? ట్యూనా, మహి-మహి లాంటివి ఎండలో పడి ఉంటే వాటి మాంసంలో హిస్టమిన్ అనే రసాయనం తయారవుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి పట్టుకుంటాయి. అందుకే పట్టిన వెంటనే శుభ్రం చేసి చల్లగా ఉంచాలి. ఫ్రిజ్ నిండితే నేను గాలం లోపలికి తీసేస్తాను. ఫొటో కోసం ఇంకొకటి పట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

అపోహ: రాత్రి లంగరు వేసి పడుకుంటారు.

కింద నాలుగైదు వేల మీటర్ల లోతు. అంత గొలుసు ఎవరు మోస్తారు?

అపోహ: పడవ దానంతటదే పోతుంది, మీకు పనేం ఉంటుంది?

చుక్కాని సంగతి ఆటోపైలట్ చూసుకుంటుంది, నిజమే. కానీ ఇద్దరమే ఉంటే రాత్రంతా మూడు గంటలకొకరం కాపలా మారతాం. దిగంతంలో కనబడిన పెద్ద ఓడ పావుగంట, ఇరవై నిమిషాల్లో మన మీదికి రాగలదు. అందుకే పది నిమిషాలకోసారి చుట్టూ చూడాలి. అలా ముక్కలు ముక్కలుగా దొరికే నిద్రే ప్రయాణంలో అసలు టెన్షన్, అలలు కాదు. పొద్దున లేస్తే తాళ్లు ఎక్కడ ఒరుసుకుని అరుగుతున్నాయో వెతకాలి. ఒక్క తాడు తెగితే రోజంతా దానికే సరి. వంటైతే నడుముకు పట్టీ బిగించుకుని, ఊగే స్టవ్ ముందు ఒంటిచేత్తో చేయాలి.

చీకటి పడ్డాక గాలం నీళ్లలో ఉంచను. ఒక్కడినే మేలుకుని ఉన్నప్పుడు చేప పడితే, కత్తి పట్టుకుని పడవ అంచున వంగాల్సి వస్తుంది. ఆ వేళ ఎగిరే చేపలు వాటంతటవే వచ్చి పడుతుంటాయి. ఒకసారి ఒకటి నేరుగా నా చెంపకు తగిలింది. తెల్లారేదాకా ఆ నీచువాసన పోలేదు.