కవరు విప్పకుండానే

చిక్కడపల్లి,
హైదరాబాద్ – 20.

పిల్లలూ,

ముప్పై ఏళ్లు ఈ గల్లీల్లో ఉత్తరాలు పంచాను. ఒక్క కవరూ విప్పలేదు. అయినా ఏ ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలిసిపోయేది. నెలనెలా దుబాయ్ స్టాంపుతో కవరు వస్తే కొడుకు అక్కడ ఉద్యోగంలో ఉన్నట్టు. అది ఆగి, బ్యాంకు నోటీసులు మొదలైతే ఏదో తేడా వచ్చినట్టు. ఒకే చేతిరాతతో వారానికి రెండు వస్తే, త్వరలో శుభలేఖలు పంచడం కూడా నా వంతే!

"నా చాట్ ఎవరూ చదవలేరు తాతా" అంటాడు మా మనవడు. వాట్సాప్ మాటలకు తాళం ఉంది, నిజమే. కానీ ఎవరితో, ఏ వేళ, ఎన్నిసార్లు అన్నది కవరు మీది రాతలాంటిదే. ఫోటోకూ అలాంటి ముద్రే పడుతుంది. కెమెరాకు లొకేషన్ అనుమతి ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైల్లో చేరుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు రాలిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తాయి.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేశానో వినండి. మనవరాలి అనుమతితో, పేరు లేకుండా రాస్తున్నాను. బొమ్మల పోటీలో దానికి బహుమతి వచ్చింది. ఆ సంబరంలో ఫోటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో, చుట్టాల గ్రూపులో పెట్టేశాను. యూనిఫాం మీద బడి బ్యాడ్జి, వెనక బస్సు, దాని మీద నంబరు. కొద్ది రోజులకే ఎవడో ఇన్‌స్టాలో దానికి ఆ బస్సు నంబరు రాసి, "రోజూ చూస్తున్నా" అన్నాడు. తర్వాత దాని ముఖాన్ని వేరే ఒంటికి అతికించి బెదిరించాడు.

తొమ్మిది రోజులు అది ఎవరికీ చెప్పలేదు. ఎందుకమ్మా అంటే, "ఫోన్ లాక్కుంటారు కదా" అంది. వాడికి భయపడిందనుకున్నాను. కాదు, మాకు భయపడింది. చెప్పుకున్న పిల్లకే శిక్ష వేస్తే ఇంకెప్పుడైనా చెబుతుందా? ఈ ముక్క మీ అమ్మానాన్నలకు చదివి వినిపించండి.

భయంతో మెసేజ్‌లన్నీ చెరిపేసింది కూడా. ఫిర్యాదు తీసుకున్నావిడ మొదట అడిగింది అవే. కాబట్టి ముందు స్క్రీన్‌షాట్ తీయండి, వాడి ఖాతా పేరు, తేదీ, సమయం కనపడేలా. ఆ తర్వాతే బ్లాక్. ఫిర్యాదు ప్రభుత్వ సైబర్‌క్రైమ్ పోర్టల్లో చేయొచ్చు, ఆడవాళ్లకూ పిల్లలకూ జరిగినవాటికి పేరు చెప్పకుండా రాసే వీలూ ఉంది. ఆడవాళ్లను వేధించేవాళ్ల పని పట్టే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి మన నగరంలో ఉన్నాయి. పిల్లలకు 1098 హెల్ప్‌లైన్ నంబరు ఉండనే ఉంది. పద్దెనిమిది నిండని వాళ్ల నగ్న చిత్రాలు పాకకుండా ఆపడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. అక్కడ ఫోటో మీ ఫోన్ దాటదు. దాన్నుంచి లెక్కగట్టిన అంకెల వరుస ఒక్కటే వెళ్తుంది. ఆ సేవలో చేరిన కంపెనీలు దాన్నిబట్టి వెతికి ఆ బొమ్మను తీసేయగలవు.

దాచుకోవడానికేముంది అనే పెద్దలు మా బిల్డింగులోనూ ఉన్నారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారు. ఆ కేసు వేసిన రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి గారికి తీర్పు నాటికి తొంభై ఏళ్లు దాటాయి. ఇది కుర్రకారు గోల అనేవాళ్లకు ఆయన వయసు చెబుతుంటాను.

నేను గ్రూపుల్లో పెట్టిన ఆ ఫోటో తీసేద్దామంటే వాట్సాప్ ఇచ్చే రెండు రోజుల పైచిలుకు గడువు ఎప్పుడో దాటింది. మా రోజుల్లో పోస్టులో వేసిన ఉత్తరాన్ని, బట్వాడా కాకముందైతే, రుసుము కట్టి వెనక్కి తీసుకునే వీలుండేది. గ్రూపులో ఒక్కొక్కరినీ అడిగాను. ఇద్దరు చెరిపేశామన్నారు. మిగతావాళ్లు దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు.

ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాను. మా హాల్లో గోడకుంది, బస్సు నంబరుతో సహా.

మీ తాతయ్య