“కంప్లీట్” అంటే ఏమిటి? అక్టోబరు పక్షులు, పురుగుల నమోదు: అపోహలు - వాస్తవాలు

వానలు వెనక్కి తగ్గి, దసరా దాటి, హైదరాబాద్ పక్కనున్న అమీన్‌పూర్ చెరువు మీద తెల్లవారుజామున పలచగా మంచు పట్టే రోజులివి. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన ఈ చెరువు గట్టు మీదికి ఇప్పుడు వలస బాతులూ వస్తాయి, చూసిన పక్షుల లిస్టులు పంపే యాప్ ఈబర్డ్‌లో కొత్తగా ఖాతా తెరిచినవాళ్లూ వస్తారు. వాళ్లతోపాటు ప్రతి ఏడూ అవే అనుమానాలు.

అపోహ: “నాకు పక్షులన్నీ తెలియవు, కాబట్టి నా లిస్టు కంప్లీట్ కాదు.”

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. లిస్టు పంపే ముందు యాప్ అడిగేది “అక్కడున్న పక్షులన్నీ రాశావా” అని కాదు, “నువ్వు గుర్తుపట్టగలిగినవన్నీ రాశావా” అని. గంటసేపు నడిచి 14 జాతులు గుర్తుపట్టారు, 14 రాశారు, ఇంకో ఐదు ఏమిటో తేలలేదు. అది కంప్లీట్ లిస్టే. “యెస్” నొక్కండి. కాకులూ గోరింకలూ పావురాలూ ఎందుకులే అని వదిలేసి ఫ్లెమింగోలను మాత్రమే రాస్తే అది కంప్లీట్ కాదు. జరుగుతున్నదేమో తలకిందులు. భయస్తులు నిజాయితీగా “నో” నొక్కుతున్నారు, లెన్సు పట్టుకొచ్చి మూడు పక్షులు రాసి పోయేవాళ్లు ధీమాగా “యెస్” నొక్కుతున్నారు.

ఎందుకింత పట్టుదల అంటే, పాలపిట్టనే తీసుకోండి. ఒక అక్టోబరులో 20 కంప్లీట్ లిస్టులొచ్చి వాటిలో 6 చోట్ల పాలపిట్ట ఉంటే 30 శాతం. వచ్చే అక్టోబరులో 20కి 3 అయితే 15 శాతం. తగ్గుతోందని తెలిసేది మిగతా 17 లిస్టుల్లో అది లేకపోవడం వల్ల. కనబడినప్పుడు మాత్రమే రాస్తే లెక్క ఎప్పుడూ నూటికి నూరే, చెరువు దగ్గర ఒక్క పాలపిట్ట మిగిలినా సరే. 2023 నాటి ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక దాదాపు 30,000 మంది ఈబర్డ్‌లో పెట్టిన 3 కోట్ల నమోదుల మీద నిలబడింది. పాలపిట్టతో సహా 14 జాతులు 30 శాతమో అంతకు మించో తగ్గాయని, అంతరించే ముప్పును బట్టి జాతులను వర్గీకరించే రెడ్ లిస్ట్‌లో వాటి స్థాయిని తిరిగి చూడాలని చెప్పింది. తెలంగాణ రాష్ట్ర పక్షి సంగతి బయటపడింది కాకులను కూడా ఓపిగ్గా రాసినవాళ్ల వల్ల.

(దసరాకి పంజరంలో తెచ్చి చూపించే పాలపిట్టను లిస్టులో వేయకండి. దాన్ని పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అది అటవీశాఖకు చెప్పాల్సిన విషయం.)

పని ఇలా చేయండి. గట్టెక్కగానే లిస్టు మొదలుపెట్టి, నడిచిన దారిని కొలిచే ట్రాక్ ఆన్ చేయండి, కనీసం 15 నిమిషాలు నడవనివ్వండి. వెళ్లిన దారినే తిరిగొస్తే దూరం ఒకవైపుదే వేయాలి. యాప్ రెండు వైపులదీ కలిపేస్తుంది, పంపేముందు దిద్దండి. చెరువు లిస్టు, దారిలో ఆగిన టీ బండి దగ్గరి లిస్టు కలపొద్దు. ఇంటికెళ్లి గుర్తుచేసుకుని రాసే లిస్టులో తీతువు, పిగిలిపిట్ట లాంటివే ముందు జారిపోతాయి.

అపోహ: “లెక్కపెట్టలేనంత గుంపు, ఎక్స్ పెట్టేస్తే సరి.”

అంకె బదులు పెట్టే ఎక్స్ అంటే “ఉంది” అని మాత్రమే. రెండా, రెండు వేలా తెలియదు. బొల్లికోళ్ల గుంపులో పది లెక్కపెట్టండి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకుని, అలాంటి ముక్కలు ఎన్నో చూడండి. 23 ముక్కలైతే 230. అసలు 210 ఉన్నా ఏం కొంప మునగదు.

అపోహ: “పేరు తప్పు పెడితే డేటా అంతా పాడైపోతుంది.”

పాపం, ఈ భయంతోనే చాలామంది రాయడం మానేస్తారు. అసాధారణమైన పేరో అంకెనో పడితే యాప్ అక్కడే అడుగుతుంది, తర్వాత సమీక్షకులు చూస్తారు. తేలకపోతే “బాతు, జాతి తెలియదు” అన్న తరహా ఎంట్రీలు ఉన్నాయి, వాడుకోండి. అక్టోబరులో ఇది మరీ అవసరం. ఈ నెలలో దిగే గార్గనీ మగబాతులు ఇంకా ఆడబాతుల రంగులోనే ఉంటాయి, కనుబొమ్మ మీది తెల్లచార కోసం వెతికితే దొరకదు. చెంప మీద రెండు ముదురు గీతలుంటే గార్గనీ అనుకోవచ్చు, తోక పక్కన పాలిపోయిన సన్నగీత ఉంటే కామన్ టీల్. దూరం నుంచి రెండూ కనబడకపోతే జాతి తెలియదనే రాయండి.

అపోహ: “మెర్లిన్ చెప్పింది కదా!”

కూత విని పక్షి పేరు చెప్పే యాప్ మెర్లిన్. అది చెప్పేది సూచన మాత్రమే. జెర్డాన్ లీఫ్‌బర్డ్ ఒక్కటే చెట్టులో కూర్చుని అరడజను పక్షుల గొంతులు పలుకుతుంది, యాప్ అరడజను పేర్లూ చూపిస్తుంది. పక్షిని చూడండి, లేదా ఆ కూతను మీ చెవితో పోల్చుకోండి. రెండూ కుదరకపోతే రాయొద్దు.

అపోహ: “పురుగుల్ని పట్టి చంపితేగాని గుర్తుపట్టలేం.”

కొన్ని గుంపులకు నిజమే, కానీ అది అనుమతి ఉన్న పరిశోధకుల పని. సీతాకోకలకూ తూనీగలకూ చాలావరకు ఫోటోలు చాలు, ఏ కోణంలో తీశామన్నదే అసలు సంగతి. సీతాకోకకు మడిచిన రెక్క అడుగుభాగం, విప్పితే పైభాగం, రెండూ కావాలి. సన్న తూనీగలకు పక్కనుంచి ఛాతీ మీది చారలు, తోక కొస. పైనుంచి తీసిన ఒక్క ఫోటోతో వాటి పేరు సాధారణంగా తేలదు. ఈ ఫోటోలు పెట్టే యాప్ ఐనాచురలిస్ట్‌లో ఒక నమోదుకు ఒక జీవి. ఐదు పురుగుల ఫోటోలు ఒకే నమోదులో కుక్కితే దేనికీ పేరు పెట్టలేం.

పక్షుల కోసం ఆరింటికి వచ్చి ఎనిమిదింటికి వెళ్లిపోయేవాళ్లు “ఈసారి సీతాకోకలు లేవు” అంటుంటారు. మంచు ఆరి రెక్కలు వెచ్చబడాలి కదా! ఎండ పడ్డాక, తొమ్మిది నుంచి పదకొండు మధ్య, ఒకే దారిలో నెమ్మదిగా నడవండి. ఇరుపక్కలా రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్లు, ఆ మేరలో కనబడ్డవే లెక్క. ఎండిన గిలిగిచ్చ మొక్క కనబడితే ఆగండి. టైగర్ సీతాకోకల్లో మగవి రసాయనం కోసం దానికి గుత్తులుగా పట్టుకుని ఉంటాయి. వాటిలో బ్లూ టైగర్ ప్రజాతి పేరు, నమ్మండి నమ్మకపోండి, తిరుమల.

పిచ్చుకల్ని సెల్ టవర్లు చంపేశాయన్న వాట్సాప్ సందేశం ఈ ఏడు కూడా తిరుగుతోంది. రుజువు లేదు. ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ 2020 నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుక 25 ఏళ్లుగా దాదాపు నిలకడగానే ఉంది, తగ్గింది పెద్ద నగరాల్లో. ఆ సందేశాన్ని ఫార్వర్డ్ చేసే బదులు మీ వీధిలో 15 నిమిషాల లిస్టు వేసి, పిచ్చుక కనబడకపోయినా “యెస్” నొక్కి పంపండి.