విప్పిన స్క్రూలు మళ్ళీ బిగించేయండి

పిల్లలూ,

మీరు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. మైక్రోవేవ్ ఓవెన్‌లో లైటు వెలుగుతోంది, పళ్ళెం తిరుగుతోంది, ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది, రెండు నిమిషాలయ్యాక బీప్ కొట్టి ఆగింది కూడా, కానీ పప్పు మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగానే ఉందన్నారు. అంతవరకు బాగానే ఉంది. దాని కింద "తాతయ్యా, ప్లగ్గు పీకేశాం, వెనక స్క్రూలు విప్పుతున్నాం" అని రాశారు చూడండి, అక్కడ నాకు టెన్షన్ మొదలైంది. ముందు ఆ స్క్రూలు బిగించేయండి. బిగించాకే మిగతాది చదవండి.

మీకు చేతకాదని కాదు. ఫ్యాను కెపాసిటర్ మార్చడం, ఐరన్ బాక్సు వైరు కట్ చేసి కలపడం నేనే నేర్పాను మీకు. కానీ అక్కడ నేర్చుకున్న ఒక అలవాటు ఇక్కడ పనికిరాదు. ఐరన్ బాక్సు ప్లగ్గు పీకేస్తే ఇక దానిలో కరెంటు లేదు, నిశ్చింతగా చెయ్యి పెట్టొచ్చు. ఓవెన్ అలా కాదు, ప్లగ్గు చేతిలో పట్టుకుని ఉన్నా లోపల కరెంటు దాగి ఉండొచ్చు.

ఎందుకో చెబుతాను. గోడలోంచి వచ్చేది 230 వోల్టులు. దాన్ని లోపలున్న బరువైన ట్రాన్స్‌ఫార్మర్ సుమారు 2000 వోల్టులకు పెంచుతుంది, దాని పక్కనే ఉండే కెపాసిటర్ (చార్జిని దాచి ఉంచేది), డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) కలిసి అదింకా రెట్టింపు చేస్తాయి, అంటే దాదాపు 4000. ఆ వోల్టేజీ మీద మాగ్నెట్రాన్ పనిచేస్తుంది, అన్నం వేడి చేసే తరంగాలు పుట్టేది అందులోనే. నేను టీవీలు బాగుచేసిన రోజుల్లో పిక్చర్ ట్యూబు దగ్గర 20 వేల వోల్టులు ఉండేవి, దానితో కొన్నిసార్లు దెబ్బ తిని కూడా బతికి బయటపడ్డాం, ఎందుకంటే అక్కడ వోల్టేజీ ఎక్కువే గానీ పారే కరెంటు చాలా తక్కువ. ఓవెన్‌లో వోల్టేజీ తక్కువ, వెనకున్న బలం చాలా ఎక్కువ. ఒక్క షాక్‌కే గుండె ఆగిపోవచ్చు.

జనం ఓవెన్ అనగానే రేడియేషన్ అని భయపడతారు. ప్లగ్గు పీకిన ఓవెన్‌లో తరంగాలు ఏమీ మిగలవు, లైటు ఆర్పాక గదిలో వెలుతురు మిగలనట్టే. మిగిలేది ఆ కెపాసిటర్‌లో చార్జి. చాలా కెపాసిటర్ల లోపల దాన్ని మెల్లగా ఖాళీ చేసే చిన్న రెసిస్టర్ ఉంటుంది, కొన్ని నిమిషాల్లో ఖాళీ కావాలి కూడా. అది తెగిపోయి ఉంటే? బయటికి ఏమీ తెలీదు.

షాపు నడుపుతున్నప్పుడు ఒక ఓవెన్ వచ్చింది, అచ్చం మీదానిలాగే వేడెక్కడం లేదని. తెచ్చినాయన ముందు దాన్ని మా ఎదుటే ఆన్ చేసి చూపించి, ప్లగ్గు పీకి, టీ తాగుతూ కూర్చున్నాడు. పావుగంట అయ్యుంటుంది. అప్పుడు నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు, మీ ఈడు వాడే, ఓవెన్ పైమూత విప్పి, ఊడినట్టు కనిపించిన వైరు లాగబోయాడు. వాడి మణికట్టు పట్టుకుని ఆపి, పిడికి మందంగా ప్లాస్టిక్ ఉన్న స్క్రూడ్రైవర్‌తో కెపాసిటర్ రెండు టెర్మినళ్ళూ కలిపాను. టప్‌మని దీపావళి టపాకాయలా పేలింది, నీలంగా మెరిసింది. స్క్రూడ్రైవర్ మొన దగ్గర ఆవగింజంత గుంట పడింది, చుట్టూ ఇనుము కరిగి నల్లగా అంటుకుపోయింది. కుర్రాడు ఆ రోజంతా మాట్లాడలేదు. వీడియోలు చూసి మీరు ఇలా స్క్రూడ్రైవర్ పెట్టి చూస్తారేమో, అదీ వద్దు. నేనైనా చాలాకాలం పెద్దవాళ్ళ పక్కన నిలబడి చూశాకే అది ముట్టుకున్నాను.

ఇప్పుడు కాదు గానీ, ఏ ఓవెన్‌కైనా పైమూత విప్పకుండా మీరు చేయగలిగింది చాలానే ఉంది. మొదట ప్లగ్గు చూడండి. 800 వాట్ల ఓవెన్ అంటారు గానీ అది గోడలోంచి లాగేది 1200 వాట్లకు పైనే, కాబట్టి పెద్ద పిన్నుల సాకెట్‌కే పెట్టాలి, చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కాదు, పిన్నుల దగ్గర ప్లాస్టిక్ పసుపెక్కి ఉంటే అక్కడే తేడా ఉంది. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. వేడి తక్కువగా అనిపిస్తే, పింగాణీ గిన్నెలో లీటరు నీళ్ళు పోసి ఫుల్ పవర్‌లో రెండు నిమిషాలు పెట్టండి, 800 వాట్ల ఓవెన్ బాగుంటే నీళ్ళు సుమారు 20 డిగ్రీలు వేడెక్కుతాయి. సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఊళ్ళలో ఓవెన్ బాగున్నా వేడి తగ్గుతుంది. పళ్ళెం తిరక్కపోతే దాన్ని తీసి కిందున్న చక్రాల రింగు కడగండి, సగంసార్లు అక్కడ ఎండిపోయిన పులుసే కారణం.

లోపల మెరుపులొస్తే కంగారు పడి తలుపు లాగకండి, ఆపేసి ప్లగ్గు పీకండి. లోపలి గోడకు అట్టముక్కలాంటి పలచటి రేకు ఒకటి ఉంటుంది, మైకా షీట్ అంటారు. నూనె చింది దాని మీద మాడితే ఆ నల్ల మచ్చ దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. తడిగుడ్డతో తుడవండి, చిల్లు పడితే కొత్త షీట్ కొని కత్తెరతో అదే కొలతకు కత్తిరించి పెట్టుకోవచ్చు, నాన్నను పక్కన ఉంచుకుని. బంగారు అంచు ఉన్న కప్పు పెట్టినా మెరుపులొస్తాయి, అది ఓవెన్ తప్పు కాదు.

తలుపు మాత్రం చాలా ముఖ్యం. దాని కొక్కేల వెనక మామూలుగా మూడు స్విచ్చులుంటాయి, తలుపు తెరవగానే తరంగాలు ఆగిపోయేది వాటి వల్లే. వాటిలో ఒకటి కాపలా స్విచ్చు: మిగతావి సరిగా తెగకపోతే అది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజు కొట్టేస్తుంది. ఫ్యూజు మార్చిన ప్రతిసారీ పోతోందంటే ఓవెన్ మనల్ని హెచ్చరిస్తోందన్నమాట. ఆ ఫ్యూజు మీద రాగి తీగ చుట్టి నడిపించిన ఓవెన్లు నేను చూశాను, చూసిన ప్రతిసారీ ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడిగాను. కొక్కెం విరిగినా, తలుపు వంగినా, లోపలి జాలీ చిరిగినా ఆ ఓవెన్ వాడకూడదు.

మీ ఓవెన్ సంగతికొస్తే, అన్నీ తిరుగుతూ వేడి లేదంటే తేడా సాధారణంగా ఆ ఎక్కువ వోల్టేజీ వైపే ఉంటుంది. డయోడ్ అయితే తక్కువ ఖర్చుతో బాగవుతుంది, మాగ్నెట్రాన్ అయితే పాత ఓవెన్‌కి కొత్తది వేయించడం నాకు దండగ అనిపిస్తుంది. ఒకవేళ పారేయాల్సి వచ్చినా మాగ్నెట్రాన్ పగలగొట్టి అయస్కాంతాలు తీసుకోకండి, కొన్నిటి పింగాణీ ముక్కలో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి.

ఆదివారం పొద్దున్నే వస్తున్నాను, మీటరు పట్టుకుని. గుంట పడ్డ ఆ స్క్రూడ్రైవర్ కూడా తెస్తాను, చూద్దురుగాని. అప్పటిదాకా ఓవెన్‌కి ప్లగ్గు పెట్టకండి, పప్పు గ్యాసు మీద వేడి చేసుకోండి.

మీ తాతయ్య